పళ్ళెం అడుగు

"లోపల తోము చాలు, పళ్ళెం అడుగు ముట్టుకోవద్దు" అని భర్త దామోదరం పెళ్ళయిన కొత్తలో చెప్పిన మాటను చంద్రకాంతమ్మ పదకొండేళ్ళుగా పాటిస్తోంది. రోజూ కొట్టు తెరవకముందే ఇత్తడి త్రాసు దించి చింతపండుతో తోముతుంది. తూకపు రాళ్ళు పెట్టే ఎడమ పళ్ళెం అడుగున మైనంతో అంటించిన సీసం ముక్క ఆమె వేళ్ళకు తగులుతూనే ఉండేది. ఆ ముక్క బరువుకు సరిపడా బెల్లం రైతు ఊరికే ఎక్కువ పెట్టాలి. ఒకసారి ఆ మాట ఎత్తితే, "తోమేదానికి తూకంతో ఏం పని?" అన్నాడు. "వాడు తెస్తేనే గదా నువ్వు తినేది" అంది అత్త. ఎవరు తెచ్చిందీ ఎవరు తిన్నదీ ఆమెకు తెలియక కాదు. పొద్దున త్రాసు, పగలంతా గోనెసంచులకు కుట్లు, మధ్యాహ్నం హమాలీలకు వంట. బయట మనుషులను పెట్టుకుంటే ఇద్దరు కావాలి. ఆమె పనికున్న ఆ విలువ కనిపెట్టింది ఒక్క నాగులమ్మే. భర్త పోయాక వీధి చివర బెల్లం కొట్టు తానే నడుపుకుంటోంది. "తూకానికి నమ్మకమైన మనిషి గావాలమ్మీ. నీ మాదిరి చెయ్యి యాడా దొరకలా" అంది ఒకనాడు.

పంతొమ్మిది వందల నలభై ఆరులో చిత్తూరు బెల్లం వర్తకుల సంఘానికి ఎన్నిక వచ్చింది. అధ్యక్ష స్థానానికి దామోదరం, నాగులమ్మ నిలబడ్డారు. ఏడాదిలో ఎన్ని బండ్ల బెల్లం దించుకుంటే ఆ వర్తకుడికి అన్ని రేకుబిళ్ళలు, అన్ని ఓట్లు. వాటిని తనకు నచ్చిన అభ్యర్థి బిందెలో వేస్తాడు. వేలల్లో పడే బిళ్ళలను ఎంచే ఓపిక ఎవరికీ లేదు. ఒకే అచ్చులో కొట్టినవి కాబట్టి ఇద్దరి బిందెలూ తూచడమే సంఘం వాడుక. ఈసారి త్రాసు దామోదరం కొట్టుది.

లెక్కింపు రోజున చంద్రకాంతమ్మ అందరికీ మజ్జిగ తెచ్చేసరికి కార్యదర్శి జయరావు బిందెలు ఎక్కించాడు. ఎడమవైపు దామోదరం బిందె. ముల్లు కాస్త అటే వాలింది.

"సూసుకోండప్పా, దామోదరమే" అన్నాడు జయరావు.

ఆ కాస్త వాలు సీసం ముక్క బరువుకన్నా తక్కువేనని ఆమె వేళ్ళకు తెలుసు. అది ఓట్ల బరువు కాదు. నోరు విప్పితే కొట్టు పరువు పోతుంది, తల మీది కప్పూ పోవచ్చు. విప్పకపోతే నాగులమ్మ గెలుపు పోతుంది. రేపు పొద్దున మళ్ళీ ఆ పళ్ళేన్నే లోపల మాత్రం తోమాలి. ఏది ఎక్కువ నష్టమో తేల్చుకోవడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు.

"జయరావన్నా, బిందెలు మార్చి పెట్టి సూడు."

"తూసినాము గదమ్మా. నువ్వు మజ్జిగ పొయ్యి."

"మారిస్తే ఏమి పోతాది? గెలిచినోళ్ళు గెలిచినట్టే ఉంటారు గదా."

నాగులమ్మ తానే లేచి బిందెలు మార్చింది. ముల్లు మళ్ళీ ఎడమకే వాలింది.

"ఇదేందబ్బా, ఎడమకొచ్చినోళ్ళంతా గెలస్తా ఉండారే" అన్నాడెవరో. నవ్వులు లేచాయి. దామోదరం నవ్వలేదు.

చంద్రకాంతమ్మ బిందెలు దింపించింది. పళ్ళెం తిప్పి, గోటితో మైనం పెకలించి, సీసం ముక్కను జయరావు అరచేతిలో పెట్టింది. ఖాళీ త్రాసు ముల్లు తిన్నగా నిలిచింది. మళ్ళీ తూచారు. నాగులమ్మ బిందె నెమ్మదిగా కిందికి దిగింది.

దామోదరం దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు: "రేపట్నుంచి కొట్టు గడప తొక్కొద్దు."

"తొక్కనులే."

వేళ్ళకంటిన మైనం కొంగుకు తుడుచుకుని ఆమె నాగులమ్మ వైపు తిరిగింది.

"నాగులమ్మక్కా, తూకానికి మనిషి గావాలంటివే. జీతమెంతో చెప్పు, పొద్దున్నే వస్తా."