ఇంజిన్ దించిన మధ్యాహ్నం

డ్రైవరమ్మకి రోజూ పొద్దున్నే ఒకటే వరస. బానెట్ ఎత్తి రేడియేటర్‌లో నీళ్ళు పోస్తుంది, పాత గుడ్డతో అద్దాలు తుడుస్తుంది, బండిని నాలుగు తిట్లు తిట్టి తాళం తిప్పుతుంది. తిట్టకపోతే స్టార్ట్ కాదని ఆవిడ నమ్మకం. ఈమధ్య తిట్టినా ఒక పట్టాన కావడం లేదు.

అది సెకండ్ హ్యాండ్‌లో కొన్న నీలం కారు. కొని పందొమ్మిదేళ్ళయింది. కొన్న కొత్తలో ఒక నిండు చూలాలిని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో పెద్ద గుంత వచ్చింది. బండి జానెడు పైకి లేచి గుంత దాటి, మెల్లగా దిగింది. మంచి అలవాటే కదా అని డ్రైవరమ్మ ఏమీ అనలేదు. అప్పట్నుంచి ఊళ్ళో ఎవరికి నెలలు నిండినా ఆ బండికే కబురు. అందులో ఆసుపత్రికి వెళ్ళిన తల్లుల పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో చదువుతున్నారు. ట్రాఫిక్ కానిస్టేబుల్ కూడా "కూడలి దగ్గర మాత్రం కిందనే నడుపమ్మా" అనేవాడు, అంతే.

ఇప్పుడు సొంత కోడలికే నెలలు నిండుతున్నాయి. కిందటిసారి కడుపు నిలవలేదు. ఈసారి ఒక్క కుదుపు కూడా పడకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఆసుపత్రి దారి చూస్తే అడుగుకో గుంత. బండి చూస్తే నాలుగు వేళ్ళు లేవడానికే ఆయాసపడుతోంది. డ్రైవరమ్మ లోపల్లోపల భయపడి చస్తోంది, పైకి మాత్రం బండిని తిడుతోంది.

షెడ్డుకి తీసుకెళ్తే ముసలి మెకానిక్ స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపటికి తెరిచాడు.

"టైర్లు కొత్తవాటిలా ఉన్నాయమ్మాయ్. సగం దారి నేలకి ఆనితేగా అరిగేది! షాక్ అబ్జార్బర్లు పోయాయి. లేచే బళ్ళకి దిగేటప్పుడే దెబ్బ. అవి మార్చొచ్చు. ఇంజిన్ బాగుచేసే ఖర్చుతో మాత్రం ఇలాంటి బళ్ళు రెండు కొనుక్కోవచ్చు," అని చావు కబురు చల్లగా చెప్పాడు.

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదే," అన్నాడు డ్రైవరమ్మ తమ్ముడు. అతను కొత్త కార్ల షోరూంలో పనిచేస్తాడు. అక్కని ఒప్పిద్దామని తళతళలాడే తెల్లకారు ఒకటి షెడ్డు ముందుకే తెచ్చి నిలబెట్టాడు. "తుక్కు కింద అమ్మెయ్ అక్కా. దీన్ని చూడు, ఏసీ ఉంది, పాటలొస్తాయి."

"గుంతొస్తే లేస్తుందా?"

తమ్ముడు పాటల సంగతే మళ్ళీ చెప్పాడు.

ఆవిడ ఎటూ తేల్చుకోలేకపోయింది. "ఒక్కసారి విప్పి చూడు బాబాయ్. లోపల కాస్త ప్రాణమున్నా బాగుచేద్దాం," అంది. మెకానిక్ గొలుసు వేసి ఇంజిన్ పైకి లాగి, పక్కన నేల మీద దించాడు. విప్పి చూస్తే ప్రాణం లేదు సరికదా, దాని జాడ కూడా లేదు. తల అడ్డంగా ఊపాడు.

సరిగ్గా అప్పుడే అత్తకి అన్నం క్యారియర్ తెచ్చిన కోడలు గుమ్మంలోనే దాన్ని వదిలేసింది.

"అత్తయ్యా, నొప్పులు..."

డాక్టరమ్మ చెప్పిన రోజుకి ఇంకా మూడు వారాలుంది. తమ్ముడు పరుగున వెళ్ళి కొత్త కారు స్టార్ట్ చేశాడు. కానీ వీధి చివర గుంతలో లారీ ఒకటి కూలబడింది. దాని వెనక షెడ్డు దాకా బళ్ళు బారులు తీరాయి. కొత్త కారు పాటలు పాడుతూ ఉన్నచోటే ఉంది.

మెత్తగా కూర్చునే చోటు ఇంకేదీ లేక, కోడలు నీలం బండి వెనక సీట్లో వాలింది.

బండి లేచింది. నాలుగు వేళ్ళు కాదు, జానెడు కాదు. షెడ్డు రేకుకి తగిలేదాకా లేచింది.

మెకానిక్ కింద ఉన్న ఇంజిన్‌ని, పైన ఉన్న బండిని మార్చి మార్చి చూశాడు. "ఇన్నేళ్ళూ ఇంత బరువు మోసుకుంటూ లేచిందమ్మా, పిచ్చిది!" అన్నాడు. గబగబా బంపర్‌కి తాడు విసిరి కట్టి, కిందికి లాగాడు.

"నేనెక్కితే లేవదేమో బాబాయ్."

"ఇంజిన్ కన్నా బరువేం కాదులే, ఎక్కు!"

ఆగిపోయిన బళ్ళ మధ్య మెకానిక్ తాడు పట్టుకుని నడిచాడు. ఆయన తల మీదుగా, లారీల కన్నా ఎత్తున, నీలం బండి తొణక్కుండా సాగింది. "పెద్దాయనా, నా అద్దం జాగ్రత్త," అన్నాడు బస్సు డ్రైవరు. స్కూటర్ మీదున్న కాలేజీ అమ్మాయి ఒకతి "మా అమ్మ ఈ బండిలోనే వెళ్ళింది!" అని అరుస్తూ, స్కూటర్ దిగి ముందు నడిచి దారి చేసింది. డ్రైవరమ్మ పైనుంచి హారన్ కొట్టింది. కిందున్న బళ్ళన్నీ బదులుగా కొట్టాయి. సగం దారిలో మెకానిక్ రొప్పుతుంటే, తమ్ముడు కొత్త కారుని రోడ్డు మీదే వదిలేసి వచ్చి తాడు అందుకున్నాడు.

ఆసుపత్రి మెట్ల ముందు బండి దిగింది. గంట తిరక్కుండా మనవరాలు పుట్టింది. ఆ ఏడుపు విని డ్రైవరమ్మ కూడా మనసారా ఏడ్చింది. బయటికొచ్చి బండి బానెట్ మీద చెయ్యేసి నిలబడింది. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి దాన్ని ఒక్క మాట తిట్టలేదు.

మర్నాడు మెకానిక్ లెక్కల కాగితం తీశాడు. "ఇంజిన్ సంగతేం చేద్దామమ్మాయ్?"

"తూకానికి వేసెయ్ బాబాయ్. షాక్ అబ్జార్బర్లు మాత్రం కొత్తవి వెయ్యి."

ఇప్పటికీ ఊళ్ళో ఆ బండికే కబురొస్తుంది. వచ్చినవాళ్ళకి డ్రైవరమ్మ ఒక్కటే షరతు పెడుతుంది: తాడు లాగే మనిషిని వాళ్ళే తెచ్చుకోవాలి.