సింహం, కిరీటం, గద్ద

డ్రైక్లీనింగ్ షాపుకు వంశచిహ్నం ఎందుకని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అడగవలసింది చెల్లెలే, ఆమెకేమో తీరిక లేదు. రెండో షాపు తెరవాలని నిర్ణయించిన రోజు నుంచి అన్నగారి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఎక్కడో ఒక పెద్ద హోటలు తలుపు మీద సింహాల బొమ్మ చూసి వచ్చాడు. అది ఆ యజమానుల వంశచిహ్నమని కాపలావాడు చెప్పాడట. అంతే, మనకూ ఒకటి ఉండాల్సిందేనని పట్టుబట్టాడు. వంశం అంటే ఏముంది, తాత ఇల్లిల్లూ తిరిగి బట్టలు ఇస్త్రీ చేశాడు, నాన్న ఈ షాపు పెట్టాడు. ఆ ఇస్త్రీ సంగతి మాత్రం బొమ్మలో ఎక్కడా కనపడకూడదని డిజైనరుకు మొదటి రోజే గట్టిగా చెప్పాడు.

వీధిలో ఆయన్ని చైర్మన్ గారంటారు. ఒకప్పుడు దుకాణదారుల సంఘానికి కొన్నాళ్ళు చైర్మన్‌గా వెలగబెట్టి, ఒక్క వీధి దీపం కూడా వేయించకుండా దిగిపోయాడు. పదవి పోయినా పేరు అంటుకుపోయింది. ఆ ఒక్క మరకను మాత్రం వదిలించుకోవాలని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

నాన్న పడకేసిన ఏడాది చెల్లెలు వచ్చి షాపు వెనక గదిలో మరకల బల్ల దగ్గర నిలబడింది, ఇంకా నిలబడే ఉంది. మాసిన కాలర్లు, చిందిన నూనె, ఒలికిన సిరా అన్నీ ఆమె దగ్గరికే. చైర్మన్ గారు ముందు గదిలో ఫ్యాను కింద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తుంటాడు. రెండో షాపు నీదే, నీ ఇష్టం వచ్చినట్టు నడుపుకో అని ఆయన ఏడాదిగా అంటున్నాడు. ఆమె నమ్మింది. అక్కడ బల్ల కిటికీ పక్కన వేయించుకోవాలని, ఆవిరి బయటికి పోయే దారి పెట్టించాలని, సాయంత్రం తన చేత్తో తాళం వేసుకుని ఇంటికి పోవాలని ఆశపడింది. ఆ ఆశతోనే అన్న చెప్పే ప్రతి పిచ్చి మాటకూ తల ఊపింది.

ఊపడానికి మాటలకేం కొదవ లేదు. సింహం నోరు తెరిచి ఉండాలా, మూసి ఉండాలా అని వారం రోజులు చర్చ. తెరిస్తే ఆవలిస్తున్నట్టుందని వదిన అంది. మూస్తే ఎవరో తిట్టి కూర్చోబెట్టినట్టుందని చైర్మన్ గారన్నాడు. చివరికి సగం తెరిపించారు, ఇప్పుడది పంటినొప్పితో మూలుగుతున్నట్టుంది. దాని మీద కిరీటం పెట్టారు, అది వదినట. ఇంట్లో సింహం నెత్తినెక్కి కూర్చున్నది ఎవరో తెలిసే పెట్టించాడేమోనని చెల్లెలు లోపల్లోపల నవ్వుకుంది.

ఆ రోజు డిజైనరు చివరి బొమ్మ తెచ్చి, కౌంటరు మీద పరిచి, ఒక్కొక్కటీ వివరించాడు. సింహం చైర్మన్ గారి పరాక్రమం. బొద్దింకను చూస్తే స్టూలెక్కే మనిషికి ఎంత పరాక్రమమో. కిరీటం ఇల్లాలి గౌరవం. కుడివైపు రెక్కలు చాపిన గద్ద, వాళ్ళబ్బాయి. డిగ్రీ పరీక్షల మీదికి ఎన్నిసార్లు వెళ్ళినా ఉత్త చేతులతో తిరిగొచ్చే మేనల్లుడు గద్ద ఎప్పుడయ్యాడా అని ఆమె వంగి చూసింది. గద్ద కాళ్ళలో పసుపుపచ్చగా ఏదో ఉంది. ఇదేమిటని అడిగింది.

"తాళం చెవి అండీ, కొత్త షాపుది. వారసుడి దగ్గరే ఉండాలని సారు ప్రత్యేకంగా చెప్పి పెట్టించారు," అన్నాడు డిజైనరు.

ఆమె తలెత్తింది. అన్న వైపు చూసింది. ఆయన సింహం తోకను మెచ్చుకోవడంలో మునిగిపోయి ఉన్నాడు. నోటితో చెప్పలేని మాటను పక్షి కాళ్ళకు కట్టి పంపాడన్నమాట. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. అన్న మీద కన్నా, ఏడాది పాటు తల ఊపిన తన మీదే ఎక్కువ మండింది.

"మరి ఇందులో నేనెక్కడున్నాను అన్నయ్యా?"

చైర్మన్ గారు బుర్ర గోక్కున్నాడు. బొమ్మను కింద నుంచి పైకి వెతికాడు. సంఘంలో ఉపన్యాసాలిచ్చిన నోరు కదా, ఎంతోసేపు ఊరుకోలేదు.

"ఈ తెలుపంతా నువ్వేనమ్మా," అన్నాడు సింహం చుట్టూ వేలు తిప్పుతూ. "నువ్వు వెనక ఉండబట్టే కదా మేమంతా కనపడుతున్నాం."

చెప్పాక ఆ మాట ఆయనకే తెగ నచ్చింది, కళ్ళు కూడా కాస్త చెమ్మగిల్లాయి. ఎంత బాగా చెప్పారండీ అని వదిన మురిసిపోయింది.

చెల్లెలు ఏప్రన్ విప్పి మడిచింది. రేపు ఏం చేయాలో తెలియదు, ఆ భయం ఉంది. కానీ ఇంకొక్క రోజు ఆ వెనక గదిలో నిలబడితే అద్దంలో తన మొహం తనే చూసుకోలేననిపించింది.

"ఆ తెలుపు తీసేసి ఇంకేదైనా రంగు వేయండి," అంది డిజైనరుతో. "రేపటి నుంచి నేనిక్కడ ఉండను."

వదిన ముక్కున వేలేసుకుంది. సాయంత్రానికి అలక తీరిపోతుందిలే అని చైర్మన్ గారు నవ్వేశాడు. డిజైనరు మాత్రం తన పని తను చూసుకునే రకం, అయితే ఏ రంగు వేయమంటారు సార్ అని అడిగాడు. ఆయన జవాబు వెతుక్కునేలోగా ఒక కస్టమరు హడావిడిగా వచ్చి, బూడిదరంగు కోటు తెచ్చి సరిగ్గా సింహం మొహం మీద పడేశాడు. ఛాతీ మీద అరచేయంత నల్లటి మరక. సాయంత్రానికి పోతుందా అని అడిగాడు.

చైర్మన్ గారు అలవాటు కొద్దీ మరకను చూడకుండానే వెనక గది వైపు కేకేశాడు. అక్కడ ఎవరూ లేరు. చెల్లెలు అప్పటికే గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది.

"అమ్మాయ్, ఇదొక్కటీ చూసి వెళ్ళు," అన్నాడు.

"గద్దను పిలువు అన్నయ్యా," అని ఆమె మెట్లు దిగింది.