పీత జోలికి పోకు

చిత్రకారిణికి ఒళ్ళు మండిపోయింది. ఇసుకలో కలిసిపోయే రంగు, వీపు మీద నీలి చుక్కలు, పుల్లల మీద నిలబెట్టినట్టున్న కళ్ళు, అన్నీ చూసి చూసి సముద్రజీవుల పుస్తకానికి గీసిన తీరపు పీత అది. ప్రెస్సులో పేజీలు కూర్చే మరిది దాన్ని అద్దంలో బొమ్మలా తిప్పేశాడు.

"దాని చూపు పేజీ బయటికి ఉంది వదినా. అందుకే అక్షరాల వైపు తిప్పాను."

"ఈ జాతికి పెద్ద డెక్క కుడివైపే ఉంటుంది నాయనా! నువ్వు ఎడమవైపు పెట్టావు. ఇప్పుడిది వేరే పీత!"

సరేనన్నాడు. రెండో ప్రూఫులోనూ పీత అలాగే తిరిగి ఉంది.

"చూడ్డానికి ఇదే బాగుందనీ..." అని నసిగాడు.

ఆమె బల్ల మీద చెయ్యి చరిచింది. "నీకో దండం! ఇంక పీత జోలికి పోకు!"

పుస్తకం అచ్చయి వచ్చింది. పీత చక్కగా ఉంది, పెద్ద డెక్క కుడివైపే. హమ్మయ్య అనుకుని పక్కనున్న మ్యాపు చూసింది. ఆ పీత ఎక్కడెక్కడ బతుకుతుందో చెప్పడానికి తను సముద్రతీరం పొడవునా పూసిన ఎర్రరంగు పట్టీ తీరం మీద లేదు. దేశం ఈ చివర నుంచి ఆ చివరికి పోయి కొండల మీద పడుకుంది.

మరిదికి వేలితో చూపించింది.

"మ్యాపంతా ఒకపక్కే బరువుగా ఉందని జరిపాను వదినా," అన్నాడు అతను బుద్ధిగా. "పీత జోలికి పోలేదుగా!"