ఏసీ కింద గిన్నె

గిన్నె నిండడానికి నాలుగు గంటలు పడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో మూడున్నర. మా పడకగది గోడకున్న ఏసీ ఎడమ మూల నుంచి నీటిబొట్టు పడుతుంది. అది పడే చోట, కర్టెన్ వెనక, ఒక స్టూలు. స్టూలు మీద స్టీలు గిన్నె. గిన్నె అడుగున పాత తువ్వాలు ముక్కను నాలుగు మడతలు వేసి పెట్టాను. నీళ్లు పీల్చడానికి కాదు, బొట్టు పడినప్పుడు చప్పుడు రాకుండా.

మొదట్లో చప్పుడు వచ్చేది. "ఏంటా టప్ టప్? నిద్ర పట్టి చావట్లేదు," అని ఆయన విసుక్కున్నారు. "ఏసీ కారుతోందండీ. ఎవరినైనా పిలిచి చూపించాలి," అన్నాను. "మంచి కంపెనీది చూసి కొన్నాను. అదే సర్దుకుంటుంది, పడుకో." మర్నాడు నేను గిన్నెలో గుడ్డ వేశాను. ఆ పై రోజు పొద్దున్నే ఆయన ఒళ్లు విరుచుకుంటూ, "చూశావా, అదే సర్దుకుందా లేదా?" అన్నారు. పాపను బడిలో చేర్చిన వారం అది, అందుకే గుర్తుంది. పధ్నాలుగు నెలలు దాటింది.

దీనికి నవ్వాలో ఏడవాలో తెలియదు గానీ, నేను పనిచేసేది ఏసీలు బాగుచేసే ఆఫీసులోనే. ఇంటికి పది నిమిషాల నడక. ఫోను ఎత్తి, అవతలివాళ్లు చెప్పింది ఫారంలో రాసి, మేస్త్రి గారికి అందించడం నా పని. ఫారం నిండా గళ్లుంటాయి. నీళ్లు కారుతున్నాయా? గాలి వస్తోంది గానీ చల్లగా లేదా? గొట్టం మీద మంచు పేరుకుందా? బయటి పెట్టె మాటిమాటికీ ఆగి మళ్లీ మొదలవుతోందా? చప్పుడు మారిందా? వాసన వస్తోందా, వస్తే తడిగుడ్డ వాసనా, కాలిన వాసనా? కాలిన వాసన అన్నారంటే మిగతా ప్రశ్నలు ఆపేసి, ముందు స్విచ్చి కట్టేయమని చెప్పాలి. వీటన్నిటికీ పైన ఒక గడి ఉంటుంది. ఎప్పటి నుంచి? రెండేళ్లుగా ఇవే అడుగుతున్నాను. మగవాళ్లు ఫోను చేస్తే ఒకటే మాట, "ఆగిపోయింది." ఎప్పటి నుంచండీ అంటే, "ఇప్పుడే." ఆడవాళ్లు ఆగకముందే చేస్తారు. గొంతు తగ్గించి, ఏదో తప్పు చేసినట్టు, "ఏం లేదండీ, చప్పుడు కొంచెం మారినట్టుంది. మావాళ్లేమో అదేం లేదంటున్నారు. నాకే అలా అనిపిస్తోందేమో," అంటారు. నేను చూసినంతలో వాళ్లకు అనిపించింది తప్పయిన రోజు లేదు.

వినడం నాకు చిన్నప్పటి అలవాటు. మా ఊళ్లో బడి వెనకే మా పొలం. పాఠం వింటూనే ఒక చెవి మోటారు మీద పెట్టేదాన్ని. నీళ్లందక ఉత్త గాలి పీలుస్తుంటే దాని గొంతు సన్నబడేది. పరిగెత్తుకెళ్లి చెబితే నాన్న, "చెవులు కావే నీవి, చేటలు," అని నవ్వేవాడు. నవ్వినా, లేచి వెళ్లి చూసేవాడు.

ఈ ఇంట్లో నవ్వడం వరకే. రిమోట్ మీద ఇరవై నాలుగు పెడితే దుప్పటి లాక్కునే గది, ఇప్పుడు పద్దెనిమిది పెట్టినా గంటకు గానీ చల్లబడదు. "ఎండలు ముదిరాయి," అంటారు ఆయన. తడిగుడ్డ వాసన వస్తోందంటే, "నువ్వు బట్టలు సరిగ్గా ఆరనివ్వవు," అంటారు. గొట్టం మీద మంచు కడుతోంది. ఆయన స్నానానికి వెళ్లగానే ఏసీ కట్టేసి, అది కరిగాక, ఆయన తల తుడుచుకుంటూ వచ్చేలోపు మళ్లీ వేస్తాను. ఆదివారం స్టూలెక్కి ఫిల్టర్లు విప్పి, పాత పళ్ల బ్రష్షుతో కడుగుతాను. రాత్రి రెండుసార్లు లేచి గిన్నె పారబోస్తాను. పగలు మా అత్తయ్య పొద్దున పదింటికల్లా ఏసీ వేసుకుంటుంది కాబట్టి, ఒంటిగంటన్నరకు భోజనం వంకతో ఇంటికి పరిగెత్తుతాను. "మొగుణ్ణి వదిలి నాలుగు గంటలు ఉండలేదమ్మా ఈవిడ," అని ఆఫీసులో వాళ్ల వేళాకోళం. ఒకసారి ధైర్యం చేసి, మా మేస్త్రి గారిని తీసుకొచ్చి చూపిస్తానన్నాను. ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, "పొద్దస్తమానం చెడిపోయిన ఏసీల గురించే వింటావు, ఇంటికొచ్చినా నీకు అవే వినపడతాయి," అన్నారు. అత్తయ్య అందుకుంది. "వాళ్ల ఆఫీసుకు బేరాలు తగ్గాయేమోరా. మన ఇంటి మీద పడింది."

వేసవిలో ఇంటిల్లిపాదీ ఆ గదిలోనే ఉంటారు. సెలవు రోజైతే ఆయన, అత్తయ్య, పాప ముగ్గురూ మంచం దిగరు. చల్లదనం పోకుండా కిటికీ సందులకు టేపు అంటించింది నేనే. నా వంటగదిలో మాత్రం గోడలు కూడా చెమట పడుతున్నట్టుంటాయి. మంచినీళ్లో టీయో పట్టుకుని తలుపు తీయగానే ముగ్గురి నోటా ఒకటే మాట, "తలుపు!" ఐదేళ్ల పాప కూడా, పడుకుని బొమ్మతో ఆడుకుంటూ, తల ఎత్తకుండా, "తలుపు!" చేతిలో కప్పులతో గడప మీద ఒక్క క్షణం ఆగితే ఆయన, "లోపలుంటే లోపలుండు, బయటుంటే బయటుండు. తలుపు మాత్రం వెయ్యి," అంటారు. నేను లోపల ఉండాలో బయట ఉండాలో ఎవరికీ పట్టింపు లేదు. తలుపు సంగతే పట్టింపు.

మొన్న గురువారం మేస్త్రి గారు నా బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డారు. నెరిసిన మీసం, ఎప్పుడూ జేబులో స్క్రూడ్రైవరు. "అమ్మాయ్, నువ్వు ఫోనులో విని రాసిన జబ్బూ, నేను వెళ్లి విప్పి చూసిన జబ్బూ పదింట తొమ్మిదిసార్లు ఒకటే అవుతున్నాయి. వెళ్లి చూసి చెప్పే పనే నేర్చుకోరాదూ?" అన్నారు. పది రోజుల శిక్షణ. వేరే ఊళ్లో. ఉండడానికి హాస్టలు. సోమవారం మొదలు, శనివారం ఐదింటిలోపు పేరివ్వాలి. ఆ సాయంత్రం ఇంటికి ఎలా నడిచానో గుర్తు లేదు. పొలంలోకి పరిగెత్తినట్టే నడిచి ఉంటాను.

ఆయన వద్దనలేదు. వద్దంటే ఏదో ఒకటి అనేదాన్నేమో. "వెళ్లు, నేనెందుకు కాదంటాను? నువ్వే ఆలోచించుకో. నువ్వు లేకపోతే ఈ ఇల్లు పది రోజులు నడుస్తుందా అసలు?" అన్నారు, మెచ్చుకుంటున్నట్టే. అత్తయ్య, "స్టూళ్లెక్కి గోడలు పట్టుకు వేలాడే పని ఆడదానికెందుకమ్మా," అంది. ఆదివారం నేను స్టూలెక్కితే కింద నుంచి, "దుమ్ము నా మీద రాలుతోంది, కాస్త చూసుకో," అనేది ఆవిడే.

రెండు రోజులు ఆలోచిస్తూనే ఉన్నాను. పాప నన్ను వదిలి ఉంటుందా అంటే, ఉంటుంది, నాన్నమ్మ దగ్గరే పడుకుంటుంది. వంట? ఆకలేస్తే ఎవరికైనా వంట వస్తుంది. బట్టలు? పది రోజుల్లో కుప్ప పడితే పడతాయి. ఇలా ఒక్కొక్కటీ సర్దుకుంటూ వచ్చి గిన్నె దగ్గర ఆగిపోయేదాన్ని. గిన్నె ఎవరు పారబోస్తారు? నాలుగు గంటలకోసారి, పది రోజులు. అది చెప్పాలంటే గిన్నె ఉందని చెప్పాలి, గుడ్డ వేశానని చెప్పాలి, అదే సర్దుకోలేదని చెప్పాలి. బంధించడానికి గొలుసులే అక్కర్లేదు, గుప్పెడు నీళ్లు పట్టే గిన్నె చాలు.

ఈ రోజు శనివారం. పొద్దున ఒకావిడ ఫోను చేసింది. చప్పుడు మారిందట, చల్లదనం తగ్గిందట, నీళ్లు కూడా కారుతున్నాయట. ఎప్పటి నుంచండీ అన్నాను. "పోయిన వేసవి నుంచి. బకెట్టు పెట్టుకున్నానండీ, అదేం ఇబ్బంది లేదు," అంది. బకెట్టు తరఫున తనే సర్దిచెబుతున్నట్టు. ఫారం అందుకున్న మేస్త్రి గారు చదివి నిట్టూర్చారు. "గిన్నె పెట్టిన ఇంటికి మనం ఎప్పుడూ ఆలస్యంగానే వెళ్తాం తల్లీ. నీళ్లు నేల మీద పడ్డాయనుకో, అదే రోజు ఫోనొస్తుంది. ఎవరో ఒక ఇల్లాలు గిన్నె పెట్టిందా, ఇక ఏడాదైనా రాదు. అది లోపల చస్తూ ఉంటుంది, ఇంట్లోవాళ్లకు మాత్రం నిక్షేపంలా ఉంటుంది." అని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయారు. నేను తర్వాతి ఫోను రెండుసార్లు మోగేదాకా ఎత్తలేదు.

ఒంటిగంటన్నరకు ఇంటికి వెళ్లేసరికి ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని మా ఆడపడుచుతో ఫోనులో మాట్లాడుతున్నారు. వాళ్లు ఏసీ కొనాలట, ఏది మంచిదో అడుగుతోంది. "మాది తీసుకో, కళ్లు మూసుకుని తీసుకో. ఆరేళ్లయింది. ఒక్క రిపేరు లేదు. ఒక్క మెకానిక్ మా గడప తొక్కలేదు." పక్కన అత్తయ్య, "మావాడి చేతి చలవ," అంది. నేను కర్టెన్ వెనక నుంచి నిండుగిన్నె తీసి, తొణక్కుండా రెండు చేతులా పట్టుకుని, వాళ్లిద్దరి ముందు నుంచే నడిచాను. నీళ్లు అంచు దాకా ఉన్నాయి. ఆయన ఫోను చెవి నుంచి కాస్త పక్కకు తీసి, "తలుపు," అన్నారు.

పాప నా వెనకే వంటగదిలోకి వచ్చింది. బడిలో మా ఇల్లు గీయమన్నారట. కాగితం నిండా నీలం రంగు గది. మంచం మీద నాన్న, నాన్నమ్మ, తను. గోడ మీద ఏసీ. దాని కింద, స్టూలు మీద, గుండ్రంగా గిన్నె. గిన్నెలో నాలుగు గీతలతో గుడ్డ కూడా వేసింది.

"ఇదేంటి?" అన్నాను.

"గిన్నె. ఏసీ కింద గిన్నె ఉంటుంది కదమ్మా. టీచరు ఉండదంది. టీచరుకేం తెలీదు."

"మరి నేనెక్కడ?"

పాప బొమ్మ మీద తలుపు చూపించింది. గోధుమరంగు గట్టిగా రుద్ది, చిన్న గడియ కూడా పెట్టింది. "నువ్వు దీనవతల ఉన్నావు. తలుపేసుంది, అందుకే కనపడట్లేదు," అంది, నాకు ఆ మాత్రం తెలియనందుకు జాలిపడుతూ. బొమ్మ నాన్నకు చూపించానని, బాగుందన్నారని చెప్పి, మళ్లీ చల్లటి గదిలోకి పరిగెత్తింది. లోపల నుంచి, "తలుపు!" అని వినిపించింది.

గిన్నె సింకులో వంచాను. గుడ్డ పిండి తీగ మీద ఆరేశాను. ఆ గుడ్డను ఆరేయడం పధ్నాలుగు నెలల్లో అదే మొదటిసారి. గిన్నె తోమాను, తుడిచాను. చేతులు అలవాటుగా పడకగది వైపు తిరిగాయి. పెద్దయ్యాక నా కూతురు కొత్తింట్లో ఏసీ బిగించిన రోజే కింద గిన్నె పెట్టి, ఇంకా బొట్టు పడలేదేమిటా అని ఎదురు చూస్తుందేమో అనిపించింది. గిన్నెను అరలో మిగతా గిన్నెల పక్కన బోర్లించాను. అలా బోర్లిస్తే అది వాటిల్లో ఒకటైపోయింది. చెప్పులు వేసుకుని వెళ్లొస్తానన్నాను. "వీధి తలుపు దగ్గరగా వేసి వెళ్లు," అంది అత్తయ్య.

మలుపు దగ్గర కాళ్లు ఆగాయి. వెనక్కి వెళ్లి గిన్నె పెట్టేసి రానా అనుకున్నాను. ఆఫీసుకు వచ్చాక కూడా పేరు రాయలేకపోయాను. శిక్షణ కాగితం బల్ల మీదే ఉంది, కలం మూత తీసి, పెట్టి, తీసి, పెట్టి. మూడైంది. నాలుగైంది. ఎవరెవరి ఇళ్లలోనో చప్పుళ్లు, వాసనలు రాసుకుంటూనే ఉన్నాను గానీ, చెవి మాత్రం మా గదిలోనే ఉంది. నాలుగూ యాభైకి మళ్లీ ఫోను మోగింది.

"నువ్వేనా? సెల్లుకు ఎన్నిసార్లు చేయాలి?" ఆయన. పనివేళ నా సెల్లు సొరుగులో ఉంటుంది. "ఏసీ కారుతోంది. నీళ్లు మంచం కిందకి పోయాయి, నా ఆఫీసు బ్యాగు తడిసి ముద్దయింది. మీవాళ్లను ఎవరినైనా పంపించు."

చెయ్యి దానంతటదే కొత్త ఫారం లాగింది. "ఎప్పటి నుంచండీ?"

"ఇప్పుడే. మధ్యాహ్నం దాకా బాగానే ఉంది." తర్వాత గొంతు కాస్త చిరాగ్గా, "సరేగానీ, రోజూ దాని కింద పెడతావే, ఆ గిన్నె ఎక్కడ పెట్టావ్? వంటగదంతా వెతికాను. అన్నీ ఒకేలా ఉన్నాయి. అడుగున గుడ్డ వేస్తావు చూడు, అది."

ఆయనకు గుడ్డ కూడా తెలుసు. అదే సర్దుకుందా లేదా అని ఒళ్లు విరుచుకున్న పొద్దుటికే తెలుసేమో. ఇన్నాళ్లూ వాళ్లకు వినపడట్లేదనుకున్నాను. వినపడక కాదు. నేను లేస్తానని వాళ్లు లేవలేదు.

"వింటున్నావా?"

"వింటున్నానండీ. రాసుకున్నాను. ఏసీ కట్టేసి ఉంచండి. సోమవారం పదింటికి మనిషి వస్తాడు. ఆ టైముకు ఇంట్లో ఒకరుండాలి."

"నువ్వుంటావుగా."

"నేనుండను," అన్నాను. "ఆ రోజు నుంచి పది రోజులు ఉండను."

అవతల ఆయన ఏదో అంటూనే ఉన్నారు. వేరే లైను మోగుతోందని చెప్పి పెట్టేశాను. నిజంగానే మోగుతోంది. గడియారంలో ఐదింటికి ఎనిమిది నిమిషాలుంది. శిక్షణ కాగితం మీద నా పేరు రాసి మేస్త్రి గారి బల్ల మీద పెట్టి వచ్చి, కూర్చుని మా ఇంటి ఫారం పూర్తి చేశాను. పై గడిలో ఆయన చెప్పింది రాయలేదు. ఎప్పటి నుంచి అన్న చోట, పధ్నాలుగు నెలలు అని రాశాను. కాస్త ఆలోచించి, పక్కనే ఇంకో మాట చేర్చాను. ఇంట్లో అందరికీ తెలుసు.