బీరువాకి అటూ ఇటూ

మేడం బల్ల తుడిచి, గుడ్డ దులిపి, బీరువా చుట్టూ తిరిగి వెళ్లి మాస్టారి బల్ల తుడవడం మొదలుపెట్టాడు అటెండరు. ఎవరి బల్ల ముందు తుడవాలన్నది ఆ గదిలో చిన్న విషయం కాదు. అందుకే ఒకరోజు అటునుంచి, మరునాడు ఇటునుంచి మొదలుపెడతాడు. ఆవేళ ఎడమ భుజం ఒకటే లాగుతుండడంతో మధ్యలో ఆగి బీరువాకి వీపు ఆనించాడు. సన్నటి మనిషి, మెడ కాస్త ముందుకు వంగి ఉంటుంది. అందరూ చెప్పేది వంగి వంగి విని అలాగే ఉండిపోయిందని వాళ్లావిడ ఎగతాళి చేస్తుంది.

ఆ గది కాలేజీలో రాజనీతి శాస్త్ర విభాగం. బీరువాకి ఇటు ప్రభుత్వం గురించి పాఠాలు చెప్పే మేడం, అటు అంతర్జాతీయ రాజకీయాలు చెప్పే మాస్టారు. సార్వభౌమాధికారం అనే పాఠం ఎవరి పేపరులోకి వస్తుందన్న దగ్గర ఏనాడో ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. అప్పటినుంచి మాటల్లేవు. పాఠాన్ని మాత్రం ఇద్దరూ వదల్లేదు. డిగ్రీ పిల్లలు దాన్ని రెండుసార్లు విని, ఎందుకైనా మంచిదని పరీక్షలో రెండు నిర్వచనాలూ రాసి వస్తారు. దేశాలు ఎలా రాజీ పడతాయో ఏటా నేర్పి మార్కులు వేసే ఈ పెద్దమనుషులు గదిలో ఉన్న ఒక్క స్టాండు ఫ్యాను దగ్గర రాజీ పడలేకపోయారు.

మాటల్లేవని పనులు ఆగవు కదా. ఒకరి మాట ఇంకొకరికి అటెండరే చేరవేయాలి. తమాషా ఏమిటంటే, ఆ బీరువా పైకప్పు దాకా లేదు. అటు అన్నది ఇటు, ఇటు అన్నది అటు శుభ్రంగా వినిపిస్తుంది. అయినా అతను వెళ్లి చెప్పేదాకా ఇద్దరూ విననట్టే కూర్చుంటారు.

"ఆ ఫ్యాను ఆయన సొంత ఆస్తి కాదని చెప్పు," అంటారు మేడం.

అతను చుట్టూ తిరిగి వెళ్లి, "మేడంకి ఉక్కగా ఉందట సార్. ఫ్యాను కాస్త అటు తిప్పనా?" అంటాడు.

"ఆవిడకి ఎప్పుడూ ఉక్కే. తిప్పి తగలడు."

మళ్లీ ఇటు వచ్చి, "తప్పకుండా తిప్పమన్నారు మేడం," అంటాడు.

మేడం పెదవి బిగించి నవ్వు ఆపుకుంటారు. ఇన్నేళ్లలో 'నేను అలా అనలేదు' అని ఇద్దరిలో ఒక్కరూ అతన్ని నిలదీయలేదు. తమ కోపం కన్నా అతని అబద్ధమే వాళ్లకి హాయిగా ఉండేది కాబోలు. పిల్లలు అతనికి రాయబారి అని పేరు పెట్టారు. ఇప్పుడు ప్రిన్సిపాలు కూడా అలాగే పిలుస్తారు.

ఇంట్లో మాత్రం అతను నోరు విప్పడు. "లోకం మాటలన్నీ మోసే మనిషివి, నా దగ్గర మూగనోము పడతావేం?" అంటుంది భార్య.

"నీకు మార్చి చెప్పాల్సిందేం లేదు కదే," అంటాడు. అది నిజమే. ఆ ఇంట్లో కూర్చున్నప్పుడే అతని నోటికి విశ్రాంతి.

ఆవేళ వరండాలో మూడో ఏడు చదివే అమ్మాయి ఒకతె నిలబడి ఉంది. పొద్దున్నే మందుల షాపులో పని చేసి వచ్చేసరికి మాస్టారి మొదటి గంట అయిపోతుంది. అలా హాజరు తగ్గిపోయింది. లెక్చరర్లు ఇద్దరూ సంతకం పెడితేనే పరీక్ష రాయనిస్తారు. అందుకు ఆవేళే ఆఖరి రోజు.

"మాస్టారు ఒప్పుకోకపోతే ఏడాది పోతుంది బాబాయ్. ఏడాది పోతే చదువు మానేసి రోజంతా షాపులోనే ఉండమంటోంది అమ్మ."

"నువ్విక్కడే ఉండు తల్లీ. ఆ గోళ్లు కొరుక్కోకు, నేనున్నాగా."

మేడం అప్పటికే సంతకం చేసి కాగితం అతని చేతికిచ్చారు. "పంతానికి పోయి పిల్ల బతుకు పాడుచేయొద్దని చెప్పు."

"మీరు పెద్దమనసు చేసుకోవాలని మేడం అంటున్నారు సార్."

"పొద్దున్నే లేచి నా క్లాసుకి వచ్చినవాళ్లంతా పిచ్చివాళ్లా? కుదరదని చెప్పు."

"సార్ ఆలోచిస్తున్నారు మేడం."

అలా మధ్యాహ్నం దాకా తిరిగాడు. తిరిగినప్పుడల్లా బీరువా పిడి పట్టుకుని కాస్త ఆగుతున్నాడు. ముఖం అలా ఉందేమని మేడం అడిగితే ఎండకి అన్నాడు.

ఆఫీసు మూసే వేళ దగ్గర పడింది. మాస్టారు కాగితం వెనక్కి తోశారు. "ఎన్నిసార్లు చెప్పాలి? సంతకం పెట్టను. ఇదే నా ఆఖరి మాట."

అతను కదల్లేదు. ఆ మాటని ఎటునుంచి పట్టుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్లూ మాటల కరుకు తగ్గించాడే గానీ, లేదన్నదాన్ని అవునని ఎప్పుడూ చెప్పలేదు. గుమ్మం తెర కింద అమ్మాయి పాదాలు కనిపిస్తున్నాయి. వాటి వంక చూసి, కాగితం తీసుకుని చుట్టూ తిరిగి వెళ్లాడు.

"సార్ ఒప్పుకున్నారు మేడం."

మేడం కలం ఆగిపోయింది. మాస్టారి మాట ఆవిడ చెవులారా విన్నారు. అవతల కుర్చీ కిర్రుమంది. మాస్టారు సగం లేచారు. కాదనాలంటే ఆవిడతో మాట్లాడాలి. పంతమే ఆపిందో, మరేదైనా ఆపిందో, మళ్లీ కూర్చున్నారు.

"చాలా సంతోషమని చెప్పు ఆయనకి," అన్నారు మేడం.

ఏమీ మార్చనక్కర్లేని మాట. అతనికి నవ్వొచ్చింది. దాన్ని పట్టుకుని బయల్దేరి, బీరువా మలుపు దాకా వచ్చి, చెయ్యి ఆనించి, అలసిన మనిషి కూర్చున్నట్టే నెమ్మదిగా నేల మీద కూర్చున్నాడు.

మాస్టారు కాసేపు ఎదురుచూశారు.

"రాయబారీ, చెప్పావా?" అన్నారు ఇటునుంచి మేడం. ఉలుకూ పలుకూ లేదు.

అప్పుడు అటునుంచి మాస్టారి గొంతు వినిపించింది. "మేడం, మీరోసారి ఇలా రండి."

పక్కవీధి డాక్టరు వచ్చి నాడి చూసి తల అడ్డంగా ఊపాడు. ప్రిన్సిపాలు ఆసుపత్రి బండిలో అతని వెంట వెళుతూ, ఇంటికి మీరిద్దరూ వెళ్లి చెప్పండన్నారు.

నేల మీది కాగితం మాస్టారు తీశారు. "నేను ఒప్పుకోలేదు. మీరు విన్నారు."

"విన్నాను."

"రాయబారి ఇచ్చిన మాట రాజ్యం ఇచ్చిన మాటే. ఏటా క్లాసులో నేనే చెబుతాను." సంతకం పెట్టి, వరండాలో ఏడుస్తున్న అమ్మాయి చేతిలో పెట్టారు. ఆ పిల్ల దాని వైపు చూడనైనా లేదు.

ఇద్దరూ ఆటో ఎక్కారు.

"ఏమని చెబుదాం?" అన్నారు మాస్టారు.

"ముందు ఒంట్లో బాగాలేదందాం."

"అది అబద్ధం కదండీ."

"అయితే నిజం ఎలా చెప్పాలో మీరే చెప్పండి."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, మీ ఆయన..." అని ఆగిపోయారు. మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ అక్కడే ఆగారు. మేడం ముఖం తిప్పుకుని కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

"అతనైతే ఏమనేవాడో," అన్నారు.

"ఏ ఇల్లు సార్?" అన్నాడు ఆటో అబ్బాయి, సందు మొదట్లో బండి ఆపి. ఇద్దరికీ తెలియదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సీటు మీద ఇద్దరి మధ్యా అతని టిఫిన్ డబ్బా ఉంది, మూత తీయకుండా, పొద్దున వాళ్లావిడ సర్దిచ్చిన బరువుతోనే.