చీమ కుట్టినట్టే

మంచం మీది బస్సు కండక్టర్ చేతికి రెండుసార్లు సూది గుచ్చినా నరం దొరకలేదు. పక్కంతా చీమలయ్యాయి.

గుచ్చింది చిన్న సిస్టర్. నర్సింగ్ చదివే అమ్మాయిలందరినీ ఆ వార్డులో అలాగే పిలుస్తారు. పేరు అడిగే తీరిక ఎవరికీ ఉండదు. కాలేజీలో రబ్బరు చేతికైతే ఆమె కళ్లు మూసుకుని సూది ఎక్కించేది. రబ్బరు చెయ్యి వెనక్కి లాక్కోదు, నువ్వింకా చదువుకుంటున్నావా అని అడగదు. వార్డులో అడుగుతారు. అందుకని ఆమె కూడా సిస్టర్లందరూ చెప్పేదే చెప్పేది: ఏం కాదండీ, చీమ కుట్టినట్టుంటుంది.

ఆ మాట అన్నవాళ్ల చేతికింద నుంచి చీమలు రావడం అక్కడ మామూలే. మాటకీ నొప్పికీ ఎంత తేడా ఉంటే అన్ని చీమలు. హెడ్ సిస్టర్ ఆ మాట అంటే ఒక్క చీమే వస్తుంది, ఆవిడ ఊదేస్తుంది. చిన్న సిస్టర్‌కి బారులు తీరేవి. ఆయా చీపురు పట్టుకుని, ఈ పిల్లని పక్క వార్డుకి ఎప్పుడు పంపిస్తారో అని గొణుక్కుంటూ ఆమె వెనకే తిరిగేది.

నేర్పేవాళ్లు లేరు. ఉన్న పేషెంట్లకే చేతులు చాలట్లేదు, మీకెక్కడ నేర్పను అనేది హెడ్ సిస్టర్. తప్పు చేస్తే మాత్రం అందరి ముందూ కడిగేసేది. కాలేజీ టీచరుగారు వార్డుకి వచ్చేది పరీక్ష పెట్టడానికే. ఇవాళ ఆవిడ ముందు సెలైన్ పెట్టలేకపోతే ఏడాది మళ్లీ చదవాలి. మళ్లీ చదివించే ఓపిక ఇంట్లో లేదని అక్క ఫోన్లో మర్యాదగానే చెప్పింది.

కండక్టర్ మోచేతి మీది చీమలు దులుపుకున్నాడు. "ఏమ్మా, స్టాపు వచ్చిందా, ఇంకా ముందుకెళ్లాలా?"

పక్క మంచాలవాళ్లు నవ్వారు. సూది ఇలా తే అన్నట్టు హెడ్ సిస్టర్ చెయ్యి చాపింది. టీచరుగారు గడియారం చూసుకున్నారు.

చిన్న సిస్టర్ స్టూలు లాక్కుని కూర్చుంది.

"నొప్పి పుడుతుందండీ," అంది. "బాగానే పుడుతుంది. నేనింకా నేర్చుకుంటున్నాను. మీరు వద్దంటే సిస్టర్‌గారికి ఇచ్చేస్తాను."

కండక్టర్ ఆమెను ఎగాదిగా చూశాడు. "ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా. ఇంతసేపూ చీమ కోసం చూస్తుంటే తేలు కుడుతోంది." రెండో చెయ్యి చాపి పిడికిలి బిగించాడు. "కానీ. నేను కదలను."

పక్క మీద తిరుగుతున్న చీమలు ఆగాయి. తర్వాత ఒక్కొక్కటే ఆ ముంజేతి మీదికెక్కి బారుగా నిలబడ్డాయి. ఆమె స్పిరిట్ దూదితో తుడిచి, అవి నిలబడ్డచోట వేలితో నొక్కి చూసింది. వేలికింద నరం మెత్తగా తగిలింది. కొత్త సూది తీసుకుంది.

కండక్టర్ అబ్బా అన్నాడు, చెయ్యి మాత్రం కదపలేదు. సూది వెనక ఎర్రగా రక్తం కనబడింది. సెలైన్ చుక్కలు పడసాగాయి. టీచరుగారు పాసైనట్టు సంతకం పెట్టి, పక్క గుడ్డ మార్చమని చెప్పి వెళ్లిపోయారు.

గుడ్డ మారుస్తూనే ఆమె నిశ్చయించుకుంది, ఇక సూది పట్టుకుని ఎవరికీ అబద్ధం చెప్పకూడదని. తర్వాతెప్పుడో తను కూడా హెడ్ సిస్టర్ అయి, పిల్లల వార్డులో పడింది. నొప్పి పుడుతుంది నాన్నా, ఏడవాలనిపిస్తే ఏడువు అని ముందే చెప్పేది. పసివాళ్లని భయపెడుతున్నావని తల్లులు మండిపడేవారు. మండిపడనిచ్చింది. మాట మాత్రం మార్చలేదు.