నూకమ్మ బొట్టు పెట్టిన ఇనుము

వానకి తడిసిన ఇనుముకి ఒక వాసన ఉంటుంది.

నాలుక కరుచుకున్నప్పుడు నోట్లో ఊరే రుచిలాంటి వాసన. భిలాయిలో కూలీల బస్తీ క్యాంప్ 2లో పుట్టిన నూకమ్మకి అది పుట్టుకతో వచ్చిన అలవాటు. నలభై ఏళ్ళుగా ఆ వాసనే ఆమెకి అన్నం పెట్టింది.

ఇప్పుడు ఆ వాసన వస్తే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటోంది.

ఎక్కడో రెండు దేశాలు కొట్టుకున్నాయి.

ఎందుకో నూకమ్మకి తెలీదు. టీ కొట్టు టీవీలో ఒకడు నేల కోసం అన్నాడు, ఒకడు చమురు కోసం అన్నాడు, ఇంకొకడు పరువు కోసం అన్నాడు. మూడేళ్ళు కాల్చుకున్నారు. ఊళ్ళకి ఊళ్ళు బూడిద చేశారు. ఆఖరికి కోట్లు తొడుక్కుని, పెద్ద బల్లకి అటూ ఇటూ కూర్చుని, సంతకాలు చేసి చేతులు కలిపారు. యుద్ధం అయిపోయిందన్నారు.

అయిపోయిందట!

చచ్చినవాళ్ళని అక్కడే పాతిపెట్టారు. విరిగిన ఇనుముని మాత్రం అమ్ముకున్నారు, సిగ్గులేనివాళ్ళు.

ఆ ఇనుము ఓడ ఎక్కింది. ఓడ దిగి లారీ ఎక్కింది. లారీ దిగి... భిలాయి శివారులో ఒక చిన్న ఫౌండ్రీ యార్డులో, నూకమ్మ కాళ్ళ ముందు కుప్పగా పడింది.

నూకమ్మ అక్కడ రేజా. తుక్కు ఏరే కూలి. రాగి ఒక పక్క, ఇత్తడి ఒక పక్క, ఇనుము ఒక పక్క. మొగుడు పోలయ్య గ్యాస్ కట్టర్ పట్టి పెద్ద ముక్కల్ని ఫర్నేస్‌లో పట్టేలా కోసేవాడు.

ఆ కుప్పలోనే వచ్చింది అది. మోకాలెత్తు, లావుపాటి ఒళ్ళు, మీద ఎవరికీ చదవరాని అక్షరాలు. పాత పంపు ముక్క అన్నారు కొందరు. మెషీన్ సిలిండర్ అన్నారు కొందరు. పక్కకి దొర్లించి, నెల రోజులు దాని మీదే కూర్చుని టీ తాగారు. పోలయ్య దాని మీదే బీడీ నలిపేవాడు.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు ఇక్కడ ఇనుముని ఎవరూ కొట్టరు, ఎవరూ కొయ్యరు. కడిగి దణ్ణం పెడతారు. కట్టర్‌కి, కాటాకి, సమ్మెటకి, లారీ చక్రానికి — అన్నిటికీ బొట్టే.

పాపం, ఇన్నాళ్ళూ కూర్చోనిచ్చింది కదా అనుకుంది నూకమ్మ. దానికీ పసుపు రాసింది. దానికీ బొట్టు పెట్టింది. పైన ఒక బంతిపువ్వు.

తన చేత్తో.

మర్నాడు ఫర్నేస్‌కి తుక్కు తగ్గింది. దాన్నీ కోసెయ్యమన్నాడు సూపర్‌వైజర్ తిరుమలరావు. పోలయ్య కట్టర్ వెలిగించాడు...

ఆ చప్పుడు టౌన్‌షిప్‌లో సెక్టర్ 4 దాకా వినబడిందట. నూకమ్మకి వినబడలేదు. పసుపుపచ్చ రేకులు పైనుంచి రాలడం మాత్రం కనబడింది.

ఆ ఫిరంగి గుండు చేసినవాడికి పోలయ్య ఎవరో తెలీదు. శత్రువు మీదకి వదిలినవాడికీ తెలీదు. పేలాల్సిన చోట పేలలేదు అది. సముద్రం దాటి వచ్చి, బొట్టు పెట్టించుకుని పేలింది.

నూకమ్మ తండ్రి భిలాయి స్టీల్ ప్లాంటులో ఇనుము కాచినవాడు. మన ఇనుము రైలు పట్టాలవుతుందే అమ్మా అని మురిసేవాడు. మరి ఇది ఏ తండ్రి కాచిన ఇనుము? వాడూ ఇలాగే కూతురి దగ్గర మురిశాడా?

పెద్దకర్మ అయిన మర్నాడు తిరుమలరావు కాగితం తెచ్చాడు. పోలయ్య అజాగ్రత్త వల్ల గ్యాస్ సిలిండర్ పేలిందని ఉంది అందులో. తిరుమలరావు మనవాడే, నూకమ్మ పెద్దల్లాగే విజయనగరం వైపువాడే.

"సంతకం ఎట్టెయ్ అక్కా. యుద్ధమేటి, భిలాయేటి? మనకొచ్చేదంతా మందు తీసేసిన ఖాళీ మాలే. చెక్ చేసే పంపుతారు."

సంతకం పడితే పోలయ్య తన తప్పుకి తానే చచ్చినట్టు. యుద్ధానికి అతని చావుతో సంబంధమే లేనట్టు.

నూకమ్మకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. అక్కడ కోట్లు తొడుక్కున్నవాళ్ళు పెట్టిందీ సంతకమే. ఇక్కడ తనని పెట్టమంటున్నదీ సంతకమే.

పెట్టలేదు.

ఇవాళ వాన. మళ్ళీ లారీ వచ్చింది. మళ్ళీ కుప్ప పడింది. కుప్పలో మళ్ళీ అలాంటిదే — మోకాలెత్తు, లావుపాటి ఒళ్ళు, అవే అక్షరాలు. కొత్త కట్టర్ మనిషి గొట్టం బిగిస్తున్నాడు.

నూకమ్మ తుక్కు మోసే గమేళా కింద పెట్టింది. తిన్నగా నడిచింది. వెళ్ళి దాని మీద కూర్చుంది.

అందరూ వెనక్కి జరిగారు. తిరుమలరావు పరిగెత్తుకొచ్చాడు. ఇరవై అడుగుల దూరంలో ఆగిపోయాడు.

"లెగు అక్కా! పిచ్చెక్కిందేటి నీకు?"

"ఏటయింది బాబూ? ఖాళీదేనన్నావు గదా. అయితే ఇలాగొచ్చి నా పక్కన కూకో. ఆ కాయితం అట్టుకురా. ఇక్కడే సంతకం ఎడతాను."

తిరుమలరావు రాలేదు.

ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. జేబులోంచి తీసిన కాగితం అతని చేతిలోనే తడుస్తోంది.

నూకమ్మ అరచెయ్యి ఇనుము మీద ఆనించింది. చల్లగా ఉంది. ఈసారి దానికి బొట్టు లేదు.

వాన పడుతూనే ఉంది. తడిసిన ఇనుము వాసన యార్డంతా కమ్ముకుంటోంది... నూకమ్మ లేవడం లేదు.